ముందు బండి దుమ్ము

ఈసారి పోస్టు మినుము తెగులు గురించి కాదు, యూరియా గురించి కాదు. పందేల గురించి. "ఈడికి ఏటీ పని లేదా" అనుకోకండి. కాస్త పొడుగ్గా ఉంటాది, మధ్యాహ్నం ఎండ పూట నీడపట్టున కూర్చుని చదవండి.

2023 ఫిబ్రవరిలో ఆమదాలవలసలో కోణార్క్ ఎక్కి హైదరాబాద్ వెళ్లాను. మినుములు కోతకి ఇంకా పదిరోజులు టైముంది. మా మేనల్లుడు అక్కడ ఉద్యోగం చేస్తున్నాడు. మనవైపు గుంటలు సగంమంది అక్కడే కదా. "మావా, హుస్సేన్ సాగర్ ఒడ్డున కార్ల పందెం, టికెట్ తీసేను, రా" అన్నాడు. కార్ల పందెం నాకెందుకురా అంటే వినలేదు.

ఫిబ్రవరి 11, శనివారం. మన దేశంలో జరిగిన మొదటి ఫార్ములా ఈ పందెం అది. అంటే డీజిలూ పెట్రోలూ లేకుండా బ్యాటరీ మీద పరిగెత్తే కార్లు. సచివాలయం, లుంబినీ పార్కు, ఎన్టీఆర్ గార్డెన్ పక్కనుంచి ఊరి రోడ్లనే కంచెలు కట్టి దారి చేశారు. ఒక చుట్టు 2.83 కిలోమీటర్లు, 18 మలుపులు. చప్పుడు పెద్దగా లేదు. కందిరీగల తుట్టె కదిలినట్టు ఒక కూత, అంతే. నాకు మొదట నవ్వొచ్చింది. మన పవర్ టిల్లర్ ఇంతకంటే ఎక్కువ అరుస్తాది.

కానీ పందెం ఆఖరికొచ్చేసరికి లేచి నిలబడిపోయాను. ముందు ఫ్రాన్సు డ్రైవరు జాన్ ఎరిక్ వెర్న్. వెనక న్యూజిలాండ్ కుర్రోడు నిక్ కాసిడీ. కాసిడీ బ్యాటరీలో మిగులు ఎక్కువ, వెర్న్‌కి తక్కువ. మన భాషలో చెప్పాలంటే ముందు బండి ఎద్దులు అలిసిపోయాయి, వెనక బండి ఎద్దులకి ఇంకా ఊపిరుంది. అయినా వెర్న్ దారివ్వలేదు. ప్రతి మలుపు దగ్గరా ఏ పక్క మూయాలో ఆ పక్కే మూశాడు. అర సెకను కూడా తేడా లేకుండా గెలిచాడు. దాటడం జరగలేదు, జరగకపోవడమే పందెమైపోయింది.

బయటికొచ్చాక మా వాడూ వాడి స్నేహితులూ రోడ్డు పక్క టీ కొట్టు దగ్గర దెబ్బలాడుకున్నారు. ఒకడు "ఇదే అసలు పందెం" అంటాడు. ఇంకొకడు "వెనకోడికి ఇంకాస్త సాయం ఉంటే ఇంకా బాగుండేది" అంటాడు. మూడోవాడు "సాయం చేసి దాటిస్తే అది దాటడమేటి, దాటించడం" అన్నాడు. ఆ మూడోవాడి మాట నాకు ఇంటికొచ్చేదాకా బుర్రలో తిరిగింది. తరవాత మా వాడి చేత పాత పందేలన్నీ ఫోన్లో పెట్టించుకుని చూశాను. ఈ దెబ్బలాట కార్ల అభిమానుల్లో ఎన్నో ఏళ్లుగా నడుస్తోందని అప్పుడే తెలిసింది. దాని చరిత్ర ఇప్పుడు మీకు చెప్తాను. మనకి తెలిసిన విషయంతోనే మొదలుపెడతాను.

మా తాత నాటుబండి పందేలాడేవాడు. ఊరి తీర్థంలో చెరువు గట్టు నుంచి గుడి దాకా. ఆ రోజుల్లో అది మట్టి రోడ్డు. మీలో పెద్దాళ్లకి తెలుసు, ముందు బండి లేపిన దుమ్ము వెనక బండి మీద పడతాది. ఎద్దులు కళ్లు మూసేస్తాయి, తోలేవాడికి దారి కనపడదు. వెనక ఎద్దులు ఎంత బలమైనవైనా సరే, దగ్గరికి వచ్చే కొద్దీ కష్టం పెరుగుతాది. దూరంగా ఉన్నంతసేపు బాగానే ఉంటాది, దాటబోయే వేళకి దుమ్ములో కూరుకుపోతాది.

కార్లకీ ఇదే గొడవ. మట్టి దుమ్ము కాదు, గాలి దుమ్ము.

1968లో ఫార్ములా వన్ కార్ల వెనక రెక్కలు పెట్టడం మొదలైంది. విమానం రెక్కని తిరగేసి బిగించారు అనుకోండి. విమానం రెక్క పైకి లేపుతాది, ఇది కారుని నేలకి అదిమి పెడతాది. అదిమితే మలుపులో జారకుండా వేగంగా తిరగొచ్చు. మంచి ఉపాయమే. కానీ ఆ రెక్క గాలిని చిందరవందర చేసి వెనక్కి వదులుతాది. వెనక కారు రెక్కకి శుభ్రమైన గాలి అందదు, దాని పట్టు తగ్గిపోతాది. మలుపులో దగ్గరగా వెంబడించలేడు. మలుపులో దగ్గర లేకపోతే తిన్నటి రోడ్డు మీద దాటలేడు.

అంతకు ముందు వెనకున్నవాడికి గాలి సాయమే చేసేది. ముందు కారు గాలిని చీలుస్తుంటే వెనకోడు ఆ చాటున తక్కువ శ్రమతో వచ్చేవాడు. సైకిలు మీద ఎదురుగాలిలో లారీ వెనక చేరినట్టు. 1971లో ఇటలీలో మోంజా అనే చోట జరిగిన పందెంలో పీటర్ గెథిన్ సెకనులో నూరోవంతు తేడాతో గెలిచాడు. మొదటి అయిదుగురూ ఒక సెకను లోపే గీత దాటేశారు. పాత అభిమానులు ఇప్పటికీ చెప్పుకుంటారు. అక్కడ ఎవరికీ ఎవరూ బటన్ ఇవ్వలేదు.

రెక్కలు పెరిగాయి, కంప్యూటర్లొచ్చాయి, ప్రతి ఏడూ గాలి దుమ్ము ఎక్కువైంది. 2000 తరవాత అభిమానుల ఫిర్యాదు ఒకటే: ఎవడూ ఎవడినీ దాటలేడు, బారులు తీరిన చీమల్లా వెళ్తున్నారు. 2009లో ఒక సాయం పెట్టారు. బ్రేకు వేసినప్పుడు వృథాగా పోయే శక్తిని దాచుకుని, చుట్టుకి ఆరేడు సెకన్లపాటు 80 హార్స్‌పవర్ అదనంగా వాడుకోవచ్చు. ముందున్నవాడికీ అదే బటన్ ఉంది. ఇద్దరూ ఒకేసారి నొక్కితే తేడా ఏముంది? మన ఊళ్లో అందరూ ఒకేరోజు కూలీలని పిలిచినట్టు. కూలి రేటు పెరుగుతాది, ఎవరి ఉభాలూ ముందు అవ్వవు.

2010 నవంబరు 14న అసలు గొడవ పేలింది. అబుదాబీలో ఏడాది ఆఖరి పందెం. ఫెర్నాండో అలోన్సోకి నాలుగో స్థానం వస్తే చాలు, ఛాంపియన్. కానీ విటాలీ పెట్రోవ్ అనే రష్యా డ్రైవరు వెనక ఇరుక్కున్నాడు. పెట్రోవ్ కంటే అలోన్సోది పేరున్న చెయ్యి. అయినా చుట్టు మీద చుట్టు, పందెం అయిపోయేదాకా దాటలేకపోయాడు. ఏడో స్థానంలో దిగాడు. సెబాస్టియన్ వెట్టెల్ నాలుగు పాయింట్ల తేడాతో ఛాంపియన్ అయిపోయాడు. పెట్రోవ్ తప్పేమీ లేదు, అతని పందెం అతను ఆడాడు. కానీ టీవీల ముందు కూర్చున్నవాళ్లకి విసుగొచ్చింది.

2011 నుంచి డీఆర్ఎస్ పెట్టారు. క్రికెట్లో అంపైర్ని ప్రశ్నించే డీఆర్ఎస్ కాదు ఇది, పేరొకటే. ఎలా పనిచేస్తుందంటే, దారిలో ఒక గీత ఉంటాది. ఆ గీత దగ్గర ముందు కారుకీ నీకూ తేడా ఒక సెకను లోపు ఉండాలి. ఉంటే, తరవాత వచ్చే తిన్నటి రోడ్డు మీద నీ వెనక రెక్కలో ఒక రేకు తెరుచుకోవచ్చు. రేకు తెరిస్తే గాలి అడ్డు తగ్గి, గంటకి పది పన్నెండు కిలోమీటర్లు వేగం పెరుగుతాది. ముందున్నవాడు తెరవకూడదు, అతని ముందు ఇంకొకడు సెకను లోపు ఉంటే తప్ప.

అంటే తాత కాలపు పందెంలో పెద్దలు నిలబడి, "వెనక బండివాడా, నువ్వు మాత్రం ములుగర్ర వాడుకో, ముందువాడు వాడకూడదు" అన్నట్టు.

ఇక అభిమానులు రెండుగా చీలిపోయారు. కొందరికి పండగే, పందేల్లో కదలిక వచ్చిందని. కొందరికి ఒళ్లు మండింది. ఆ ఏడాది టర్కీ పందెం చూసి, ఇది దాటడం కాదు, హైవే మీద లారీని కారు దాటినట్టుంది అన్నారు. ముందున్నవాడు ఎంత నేర్పున్నా చూస్తూ నిలబడాల్సిందే. వీళ్లు ఎప్పుడూ తలుచుకునేది 1992 మొనాకో. ఆఖరి చుట్లలో నైజెల్ మాన్సెల్ కొత్త టైర్లతో, ఎంతో వేగమైన కారుతో ఐర్టన్ సెన్నా వెనక పడ్డాడు. సందుల్లాంటి రోడ్లలో సెన్నా తన కారుని రోడ్డంత వెడల్పు చేసేశాడు. మాన్సెల్ దాటలేకపోయాడు. ముప్పై ఏళ్లు దాటినా ఆ ఆఖరి చుట్లు జనం చూస్తూనే ఉన్నారు. "ఆరోజు మాన్సెల్‌కి బటన్ ఇచ్చి ఉంటే అయిదు సెకన్లలో దాటేసేవాడు, మనం మర్చిపోయేవాళ్లం" అంటారు.

నాకు ఆ మాట సగమే నచ్చింది. మొనాకోలో తిన్నటి రోడ్డు అంత పొడుగు లేదు, డీఆర్ఎస్ వచ్చాక కూడా అక్కడ దాటడం కష్టంగానే ఉంది. ఉదాహరణ బాగుంది గానీ చోటు సరిపోలేదు.

ఇంకో సంగతి. 2011లో కదలిక పెరిగిందా అంటే పెరిగింది. దేనివల్ల? అదే ఏడాది టైర్ల కంపెనీ కూడా మారింది. కొత్తగా వచ్చిన పిరెల్లి వాళ్లు తొందరగా అరిగిపోయే టైర్లు చేశారు, అలా చెయ్యమనే అడిగారు వాళ్లని. ఒకడి టైరు అరిగి, ఇంకొకడిది కొత్తగా ఉంటే ఎలాగూ దాటతాడు. కొత్త విత్తనం, కొత్త ఎరువు ఒకే ఏడాది వేసి దిగుబడి పెరిగితే ఎవరికి పేరిస్తారు? విత్తనాల షాపువాడు తనదంటాడు, ఎరువుల షాపువాడు తనదంటాడు. పక్క మడిలో పాత విత్తనం ఉంచుకున్నవాడికే నిజం తెలుస్తాది. ఫార్ములా వన్ వాళ్లకి పక్క మడి లేదు.

అదే 2011 అక్టోబరు 30న మన దేశంలో మొదటి ఫార్ములా వన్ పందెం జరిగింది, ఢిల్లీ పక్కన గ్రేటర్ నోయిడాలో. మన కోయంబత్తూరు డ్రైవరు నారాయణ్ కార్తికేయన్ హెచ్‌ఆర్‌టీ అనే బక్క జట్టు కారు నడిపి 17వ స్థానంలో వచ్చాడు. డీఆర్ఎస్ అతనికీ ఉంది. కానీ ముందువాళ్లకి సెకను లోపు చేరితే కదా రేకు తెరుచుకునేది! సాయం దగ్గర్లో ఉన్నవాడికే, దూరంగా పడిపోయినవాడికి లేదు. కౌలు రైతుగా ఉన్నవాళ్లు ఇక్కడ నవ్వుకుంటారని నాకు తెలుసు. పాసుబుక్కు ఉన్నవాడికే అప్పు పుడతాది, అప్పు అవసరమైనవాడికి పాసుబుక్కు ఉండదు.

సాయం పెడితే మనుషులు దాని చుట్టూ ఉపాయం అల్లుతారు. మనకి తెలియంది కాదు. 2022 మార్చిలో సౌదీలోని జెద్దాలో మాక్స్ వెర్స్టాపెన్, షార్ల్ లెక్లేర్ పోటాపోటీగా వస్తున్నారు. ఆ గీత దగ్గరికి వచ్చేసరికి ఇద్దరూ బ్రేకులు తొక్కారు! ఎందుకంటే గీత ముందు దాటినవాడికి సాయం లేదు, వెనక దాటినవాడికే ఉంది. ప్రపంచంలో అందరికంటే వేగంగా నడిపే ఇద్దరు మనుషులు "నువ్వు ముందెళ్లు, కాదు నువ్వే ముందెళ్లు" అని ఆగారు. మా వాడు ఆ వీడియో చూపిస్తే, పెళ్లి భోజనాల దగ్గర బావలిద్దరూ మర్యాదలు చేసుకున్నట్టుంది అన్నాను.

అయితే ఉపాయం అన్నిసార్లూ ఎటకారం కాదు. 2023 సెప్టెంబరు 17న సింగపూర్లో ఫెరారీ డ్రైవరు కార్లోస్ సైన్జ్ ముందున్నాడు. వెనక లాండో నారిస్. వాళ్ల వెనక కొత్త టైర్లతో రెండు మెర్సిడెస్ కార్లు దూసుకొస్తున్నాయి. వాళ్లు నారిస్‌ని దాటితే సైన్జ్ పని అయిపోయినట్టే. సైన్జ్ ఏం చేశాడంటే, పారిపోకుండా కావాలనే కాస్త నెమ్మదించి నారిస్‌ని సెకను లోపే ఉంచుకున్నాడు. నారిస్‌కి రేకు తెరుచుకుంది, ఆ వేగంతో అతను వెనకవాళ్లని ఆపగలిగాడు. దాటడానికి ఇచ్చిన సాయాన్ని దాటకుండా ఆపడానికి వాడాడు. సైన్జ్ గెలిచాడు, నారిస్ రెండు. ఆఖరి చుట్టులో మెర్సిడెస్ రస్సెల్ గోడకి తగిలాడు. డీఆర్ఎస్ అంటే పళ్లు నూరే అభిమానులు కూడా ఆరోజు చప్పట్లు కొట్టారు. ఎందుకు? అక్కడ బటన్ కాదు, బుర్ర గెలిచింది. ముందున్న మనిషి తన గెలుపుని చేతిలో పెట్టుకుని, జారిపోయే ప్రమాదం తెలిసే ఆ పని చేశాడు.

ఇక ఫార్ములా ఈ సంగతి. నేను హైదరాబాదులో చూసిన పందెం ఇదే కదా. 2014లో మొదలైనప్పుడు వీళ్లు ఇంకా వింత పద్ధతి పెట్టారు. దాని పేరు ఫ్యాన్ బూస్ట్. అభిమానులు ఫోన్లలో ఓట్లేస్తారు. ఎక్కువ ఓట్లొచ్చిన డ్రైవర్లకి పందెంలో కొన్ని సెకన్లు అదనపు శక్తి. మొదట ముగ్గురికి, తరవాత అయిదుగురికి.

అభిమానులకే అధికారం ఇచ్చారు, వాళ్లు సంతోషించాలి కదా? చాలామందికి అదే నచ్చలేదు. ఓటు నేర్పుకి పడదు, పేరుకి పడతాది. ఎవడికి ఎక్కువ మంది తెలుసో వాడికే శక్తి. ఆఖరికి 2022-23 సీజను నుంచి తీసేశారు. అంటే హైదరాబాద్ పందెం జరిగే నాటికి అది లేదు.

దీన్ని చదువుతుంటే నాకు మన విజయనగరం గుర్తొచ్చింది. విజయనగరం రాజకుటుంబానికి చెందిన విజయ ఆనంద గజపతిరాజు గారు, అందరూ విజ్జీ అంటారు. 1936లో ఇంగ్లండ్ వెళ్లిన భారత క్రికెట్ జట్టుకి కెప్టెన్. ఆట కంటే పలుకుబడి మీదే ఆ పదవి వచ్చిందని చరిత్ర రాసినవాళ్లు అంటారు. మూడు టెస్టుల్లో కలిపి ఆయన చేసినవి 33 పరుగులు. ఒక కౌంటీ కెప్టెన్‌కి బంగారు వాచీ ఇచ్చి తేలిక బంతులు వేయించుకున్నారని ఒక కథ కూడా ఉంది. నిజమో కాదో పక్కన పెట్టండి. ఇన్నేళ్ల తరవాత జనం ఏం చెప్పుకుంటున్నారో చూడండి. ఆ బంతులకి ఎన్ని పరుగులొచ్చాయో ఎవరూ చెప్పరు, వాచీ గురించే చెప్తారు. విద్యకీ ఆటలకీ ఆ కుటుంబం చేసిన మంచి చాలా ఉంది, అది వేరే సంగతి.

ఫ్యాన్ బూస్ట్ ఉండగానే 2018-19 సీజనులో ఫార్ములా ఈ వాళ్లు ఇంకోటి తెచ్చారు, అటాక్ మోడ్. హైదరాబాదులో నేను చూసింది ఇది. దారిలో ఒక మలుపు దగ్గర, మామూలుగా కార్లు వెళ్లే జాడకి బయటగా ఒక పట్టీ ఉంటాది. అదనపు శక్తి కావాలంటే డ్రైవరు తన మంచి జాడ వదిలి, ఆ బయటి పట్టీ మీదుగా చుట్టు తిరిగి వెళ్లాలి. అలా వెళ్తే సెకనో అరసెకనో పోతాది, ఒక్కోసారి స్థానమే పోతాది. వెళ్లొస్తే శక్తి 300 కిలోవాట్ల నుంచి 350కి పెరుగుతాది. అంటే దాదాపు 400 హార్స్‌పవర్ ఉన్న కారుకి ఇంకో 65 పైచిలుకు చేరినట్టు. మన లెక్కలో ఒక పెద్ద ట్రాక్టరు ఇంజను. ఆ సీజనులో పందెం మొత్తమ్మీద నాలుగు నిమిషాలు, రెండు విడతలుగా వాడాలి. అందరూ వాడాల్సిందే, ఎప్పుడు వాడాలన్నది వాళ్ల ఇష్టం.

మొదట దీన్నీ వీడియో గేమ్ అని ఎగతాళి చేశారు. తరవాత ఎగతాళి తగ్గింది. ఫ్యాన్ బూస్ట్ పోయింది, అటాక్ మోడ్ నిలబడింది. ఎందుకో చూడండి. ఇక్కడ శక్తి ఊరికే రాదు. ముందు నష్టపోవాలి. పంట చేతికి రాకముందే పచ్చిరొట్ట దున్నినట్టు, జనుము వేసి కోసుకోకుండా భూమిలో కలిపేసినట్టు. ఈ నష్టం ఎప్పుడు భరించాలో తెలిసినవాడికే లాభం. ముందున్నవాడికీ వెనకున్నవాడికీ ఒకే నియమం.

శక్తి కొలత దగ్గర వాళ్లు ఎంత కచ్చితమో కూడా చెప్పాలి. హైదరాబాదులో మూడోవాడిగా గీత దాటిన సెబాస్టియన్ బుయెమీకి, అనుమతించిన దానికంటే ఎక్కువ శక్తి వాడాడని 17 సెకన్లు జరిమానా వేశారు. మూడో స్థానం ఆంటోనియో ఫెలిక్స్ డా కోస్టాకి వెళ్లింది. మన కాటా దగ్గర ధాన్యం తూకం ఇంత కచ్చితంగా ఉంటే ఎంత బాగుండేదో.

ఇప్పుడు తాత దగ్గరికి మళ్లీ వస్తాను.

మా ఊరి పందెంలో దుమ్ముకి రెండు మందులుండేవి. ఒకటి, తీర్థం నాడు పొద్దున్నే ఆడవాళ్లూ మగవాళ్లూ చెరువు నుంచి బిందెలతో నీళ్లు తెచ్చి దారంతా చల్లేవాళ్లు. దుమ్ము అణిగేది. ముందువాడికీ వెనకవాడికీ ఒకే దారి. దాంతోపాటు, ముందు బండి తన జాడ వదిలి అడ్డం తిరిగితే పందెం నుంచి తీసేసేవారు. ఫార్ములా వన్లో కూడా అలాంటిదే ఉంది, వెనకోడిని ఆపడానికి ఒక్కసారే పక్కకి జరగొచ్చు, అటూ ఇటూ ఊగకూడదు.

రెండోది ములుగర్ర. చివర మేకు కొట్టిన కర్ర. పొడిస్తే ఎద్దు ఒక్క ఊపున దూకుతాది. కొందరు తోక మెలిపెట్టేవారు, కొందరు సారా పట్టేవారు, ఇంకా చెప్పకూడనివి చేసేవారు. 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టునీ ఎడ్లబండి పందేలనీ ఆపుతూ ఇచ్చిన తీర్పులో ఇలాంటి హింసల గురించే ఉంది. తరవాత తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర తమ చట్టాలు మార్చుకున్నాయి, 2023 మే 18న కోర్టు వాటిని ఒప్పుకుంది. ఆ వాదన ఇప్పుడు వద్దు. నేను చెప్పేది మా ఇంటి సంగతి.

ఒక ఏడు నీళ్లు చల్లలేదు. చెరువు ఎండిపోయింది, కరువు. తాత బండి వెనక పడింది, ముందు బండి దుమ్ములో చిక్కింది. తాత ములుగర్ర వాడాడు. అప్పటికి అది తప్పుగా ఎవరూ అనుకోలేదు. దాటాడు, గెలిచాడు. ఇత్తడి బిందె బహుమతి. ఆ ఎడమ ఎద్దు తొడ మీద పుండు పడి, వర్షాకాలం దాకా మానలేదు. ఆ ఏడు దమ్ము ఒంటి ఎద్దుతో, అరువు ఎద్దుతో చేసుకున్నారు. మా నాన్న అప్పటికి పదేళ్లవాడు, పుండుకి పసుపూ వేపాకూ రాసింది ఆయనే. తాత ఎన్నో పందేలు గెలిచాడని ఊరంతా చెప్తారు. నాన్న మాత్రం ఓడిపోయిన పందెం ఒకటి చెప్పేవాడు. నీళ్లు చల్లిన దారిలో పక్కూరి బండి వెనక మూరెడు దూరంలో గుడి దాకా వచ్చి, దాటలేకపోయిన పందెం. బిందె వచ్చిన పందెం గురించి ఆయన నోట నేను ఒక్కసారీ వినలేదు.

ఈ రెండు మందులనీ కార్ల మీద పెట్టి చూస్తే అభిమానులు ఎక్కడ చీలారో నాకు అర్థమైంది. డీఆర్ఎస్ ములుగర్ర జాతి. దుమ్ము అలాగే ఉంటాది, వెనకోడిని ఒక్క పోటు పొడుస్తారు. ఇక్కడ కారుకి పుండు పడదు, నిజమే. పుండు పడేది ముందున్నవాడి నేర్పుకి. నీళ్లు చల్లడం అనేది 2022లో జరిగింది. ఆ ఏడాది కార్ల ఆకారమే మార్చేశారు. పట్టు ఎక్కువగా కారు అడుగు భాగం నుంచి వచ్చేట్టు చేసి, వెనక్కి వదిలే గాలి దుమ్ము తగ్గించారు. మొదటి ఏడాది కార్లు ఒకదాన్నొకటి దగ్గరగా వెంబడించాయి. మరి డీఆర్ఎస్ తీసేశారా? తియ్యలేదు. నీళ్లూ చల్లారు, మేకూ ఉంచారు. తరవాత ఇంజినీర్లు పట్టు పెంచుకుంటూ పోయేసరికి దుమ్ము మళ్లీ లేచింది.

అభిమానులు అన్నిటికీ అడ్డం చెప్పేవాళ్లు అనుకోకండి. 2015లో డ్రైవర్ల సంఘం ప్రపంచమంతా అభిమానులని అడిగింది. రెండు లక్షల మందికి పైగా జవాబులిచ్చారు. పోటీ గట్టిగా ఉండాలన్నారు, మార్పులు కావాలన్నారు. కానీ గెలిచేవాళ్లని కావాలని వెనక నుంచి మొదలుపెట్టించే పద్ధతికి మాత్రం ఎక్కువమంది ఒప్పుకోలేదు. దాటడాలు కావాలి, దాటించడాలు వద్దు. టీ కొట్టు దగ్గర మూడోవాడు అన్నది అదే.

2026 నియమాల్లో డీఆర్ఎస్ తీసేశారు. రెక్కలు ఇప్పుడు తిన్నటి రోడ్డు మీద అందరికీ తెరుచుకుంటాయి, ముందువాడికీ వెనకవాడికీ. అది నీళ్లు చల్లినట్టే ఉంది. కానీ ఒక సెకను లోపున్న వెనకోడికి బ్యాటరీ నుంచి అదనపు శక్తి ఇచ్చే ఏర్పాటు మళ్లీ పెట్టారు. మేకు రేకులోంచి బ్యాటరీలోకి మారింది. మొన్న మా మేనల్లుడు ఫోన్ చేసి "మావా, ఇది మంచిదా చెడ్డదా" అన్నాడు. "ముందున్నోడు బుర్ర పెట్టి ఆపగలుగుతున్నాడా?" అని అడిగాను. "ఒక్కోసారి" అన్నాడు. "అయితే ఇంకొన్ని పందేలు చూసి చెప్తాను" అన్నాను.

హైదరాబాదులో మళ్లీ 2024 ఫిబ్రవరిలో జరగాల్సిన పందెం రద్దయిపోయింది. ఇంకోసారి పెడితే వెళ్తాను, ఈసారి టికెట్ నేనే తీస్తాను.

తాత ములుగర్ర మా అటక మీద ఇంకా ఉంది. మేకు తుప్పు పట్టింది. నాన్న దాన్ని పారెయ్యలేదు, వాడనూ లేదు. ఇత్తడి బిందె మాత్రం ఎప్పుడో అమ్మేశారు, ఏ కరువులోనో.

మీ ఊరి తీర్థాల్లో బండి పందేలు జరిగిన రోజుల్లో దుమ్ముకి ఏం చేసేవారు? నీళ్లు చల్లేవారా, ఒక్కో బండినీ విడిగా తోలించి టైము చూసేవారా, ఇంకేదైనా కట్టుబాటు ఉండేదా? ఇంట్లో ముసలాళ్లుంటే అడిగి రాయండి. మా వైపు ఆ సంగతి తెలిసినవాళ్లు ఇద్దరే మిగిలారు, అందులో ఒకాయనకి వినపడదు.